లైన్ క్లియర్ లేని ప్లాటర్

ప్లాటర్ బిగించడానికి బిలాస్‌పూర్ వెళ్ళిన ఇంజనీరు శవమై తిరిగొచ్చాడు.

పేరు శివాజీ. వయసు ఇరవై తొమ్మిది. ఓ ప్రైవేటు కంప్యూటర్ కంపెనీలో సర్వీస్ ఇంజనీరు. పని సగంలో వదిలేసి నాగపూర్ బండెక్కాడు. ఎక్కేముందు తన ఆఫీసుకి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాడు: "ఇక్కడేదో తేడాగా ఉంది, వచ్చి చెబుతాను." గోందియా దాటాక బాత్‌రూం తలుపు ఎంతకీ తెరుచుకోకపోతే పగలగొట్టారు. మెడ మీద సూది గుచ్చిన చిన్న గుర్తు తప్ప ఒంటి మీద గాయం లేదు.

"ఆ మిగిలిన సగం పని నువ్వు పూర్తి చేస్తావు," అన్నాడు చీఫ్ నాగభూషణం.

ఢిల్లీ. 1992 ఆగస్టు. బోర్డు లేని ఆఫీసులో, కిటికీ లేని గది. ఎదురుగా కూర్చున్న రవిచంద్ర ఏజెంటుగా పదేళ్ళ నుంచీ పనిచేస్తున్నాడు. మూడు సరిహద్దులు దాటాడు, రెండు తూటాలు తిన్నాడు. అయినా ఇప్పుడు అడిగిన ప్రశ్న మాత్రం ఇది:

"ప్లాటర్ అంటే ఏమిటి సార్?"

"కంప్యూటర్‌లో గీసిన ఇంజనీరింగ్ డ్రాయింగ్‌ని కాగితం మీద పెన్నుతో గీసే యంత్రం. దుప్పటంత షీటు, ఎనిమిది పెన్నులు. ప్రింటర్‌కి పెద్దన్న అనుకో." చీఫ్ ఓ ఫోటో ముందుకు తోశాడు. అందులో పాత ఇనుప బ్రిడ్జి ఉంది. "వచ్చే ఆదివారం ఉదయం దీని మీదుగా ఒక రైలు వెళుతుంది. టైంటేబుల్లో ఉండదు. లోపల రాకెట్ మోటార్లు. కాపలాకి అరవై ఇద్దరు జవాన్లు. బ్రిడ్జికి రిపేరు జరుగుతోంది. ఏ గర్డరు కింద సపోర్టు తీసేశారో, తిరిగి ఎలా బిగించాలో మొత్తం ఒకే డ్రాయింగులో ఉంది. బిలాస్‌పూర్‌లో దీనికోసమే పెట్టిన చిన్న డిజైన్ సెల్ కంప్యూటర్‌లో."

"ఆ డ్రాయింగు బయటికి పొక్కితే?"

"ఎక్కడ, ఎంత పేలుడు మందు పెట్టాలో చూసినవాడికి తెలిసిపోతుంది. కొనడానికి ఒక విదేశీ ముఠా సిద్ధంగా ఉంది."

"అయితే ఆ షీటు గీయించడమే మానేస్తే?"

"శనివారం సాయంత్రానికి సైటుకి షీటు చేరకపోతే సపోర్టులు సరిగా బిగవవు. రైలు దానంతటదే కింద పడుతుంది."

గీస్తే దొంగల పాలు, గీయకపోతే నదిపాలు. 

"లోపల మన మనిషి ఉంది," అన్నాడు చీఫ్. "శ్రీవల్లి. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌గా రెండేళ్ళ నుంచీ అక్కడే ఉంది. 'ఇంకు ఎండిపోయిందా?' అని అడుగుతుంది. 'మూత పెట్టడం మరిచారు' అని నువ్వనాలి. ఇక నీ పేరు దిలీప్."

ఒక బేస్‌మెంటులో మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. కేబుల్ ఏ వైపు దూర్చాలో, పెన్నులు ఎలా మార్చాలో నేర్పారు. పిడిలో రేడియో ట్రాన్స్‌మిటర్ దాచిన స్క్రూడ్రైవర్ ఒకటి చేతికిచ్చారు. రేంజ్ అయిదు కిలోమీటర్లన్నారు. ఆ అయిదు కిలోమీటర్లలో వినేవాడెవడో మాత్రం చెప్పలేదు.

* * *

గురువారం ఉదయం బిలాస్‌పూర్‌లో దిగేసరికి ముసురు పట్టి ఉంది. డిజైన్ సెల్ రైల్వే కాలనీ చివర, స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఉన్న పాత ఇటుకల బిల్డింగు. చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ శంకరరావు గొడుగు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. యాభై ఏడేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నాడు. వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి పట్టాల గ్యాంగ్ పనికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు.

"ఏటి బాబూ, ముందొచ్చిన శివాజీ రాలేదేటి?"

"ఆయనకి వేరే డ్యూటీ వేశారండీ."

"అచ్ఛా. మంచోడు. మా ఇంట్లోనే బోంచేశాడు. మా జయలక్ష్మి చేపల పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు. మళ్ళీ వొస్తానన్నాడు."

రవిచంద్ర తల వంచుకుని టూల్ బ్యాగు జిప్పు తీశాడు. ఆ బ్యాగు శివాజీదే.

గది మధ్యలో ప్లాటర్. పక్కనే కంప్యూటర్. గోడవారన ఖాళీ చోటులో నేల మీద నాలుగు చదరపు మరకలు. అక్కడ డ్రాయింగ్ బోర్డు ఉండేదని శంకరరావు చెప్పాడు. "ముప్ఫయి మూడేళ్ళు దాని మీదే నిల్చున్నాను బాబూ. మిషనొచ్చిందని స్టోర్‌కి పంపీసినారు. ఇది గీయదు. నన్ను గీయనీయరు."

గుమ్మం దగ్గర సువాసన వచ్చింది. నెమలికంఠం రంగు చీర, భుజాల దాకా కత్తిరించిన జుట్టు, నల్ల కళ్ళజోడు తల మీదికి తోసుకుని ఒకామె లోపలికొచ్చింది. గదిలో గుమాస్తాలందరూ ఒక్కసారిగా పని ఉన్నట్టు కాగితాలు తిప్పారు. ఆమె ప్లాటర్ మీదికి వంగి పెన్నుల చక్రం చూసింది.

"ఇంకు ఎండిపోయిందా?"

"మూత పెట్టడం మరిచారు," అన్నాడు రవిచంద్ర. గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది.

శంకరరావు టీ చెప్పడానికి వెళ్ళగానే శ్రీవల్లి గొంతు తగ్గించింది. "కంప్యూటర్‌కీ ప్లాటర్‌కీ మధ్య ఆ బూడిదరంగు పెట్టె చూశావా? మనదే. దొంగెవడో పట్టుకోవడానికి పెట్టాం. దాన్ని కదిలించకు. అందులోంచే కేబుల్ వెయ్యి."

"చీఫ్ చెప్పలేదే?"

"చీఫ్ అన్నీ ఎప్పుడు చెప్పాడు? ఆ స్క్రూడ్రైవర్ కూడా ఇలా ఇవ్వు. ఇక్కడి గార్డులు బ్యాగులు తనిఖీ చేస్తారు."

ఇచ్చేశాడు. ఆ పెట్టెకి రెండు వైపులా కేబుళ్ళు తానే తగిలించి, నాలుగు స్క్రూలూ తన చేత్తోనే బిగించాడు.

* * *

శుక్రవారం పదింటికి మొదటి పరీక్ష. కంప్యూటర్ ఏ వేగంతో మాట్లాడుతుందో ప్లాటర్ అదే వేగంతో వినాలి. దాన్ని బాడ్ రేటంటారు. మాన్యువల్ చూసి తొమ్మిదివేల ఆరువందలు పెట్టాడు. పారిటీ, స్టాప్ బిట్ లాంటి మిగతా సెట్టింగులన్నీ సరిచూశాడు. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన నమూనా డ్రాయింగు పంపాడు. చిన్న పళ్ళచక్రం బొమ్మ. ప్లాటర్ ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, పెన్ను అందుకుని, గుండ్రంగా గీసి చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇక అసలుది పంపు," అంది శ్రీవల్లి.

బ్రిడ్జి డ్రాయింగు పంపాడు. పెన్ను అంచు గీసింది. స్తంభాలు గీసింది. పది నిమిషాలు ప్రాణం ఉన్నదానిలా కదిలింది. పదకొండో నిమిషంలో పిచ్చెక్కింది. షీటు ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డంగా ఓ గీత. గర్డర్ల మీద నుంచి ఇంకోటి. అంకెలు ఒకదాని మీద ఒకటి పడి నల్లటి ముద్దయ్యాయి.

వేగం తగ్గించాడు. అదే పదకొండో నిమిషం. కేబుల్ తీసి తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే. మూడో షీటు ముగిసేసరికి చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోయింది. రెండు తూటాలు తిన్నప్పుడు కూడా ఏం చెయ్యాలో అతనికి తెలుసు. ఇక్కడ తెలియలేదు. యంత్రం ఎదురు తిరగడం లేదు, పారిపోవడం లేదు. ఊరికే తప్పు గీస్తోంది. దాన్ని ఎవరు ప్రశ్నిస్తారు?

అప్పుడే ఒక విదేశీయుడు గదిలోకి తొంగిచూశాడు. హాల్డేన్. బ్రిడ్జి బేరింగుల విషయంలో సలహా ఇవ్వడానికి నెల నుంచీ గెస్ట్‌హౌస్‌లో ఉంటున్నాడు. పాడైన షీటు చూసి జాలిగా నవ్వాడు.

"బ్యాడ్ లక్, ఇంజనీర్."

"ఇంకోసారి పంపు," అంది శ్రీవల్లి. "ప్రయత్నిస్తే తప్పేముంది?"

నాలుగోసారి పంపాడు. ఆమె ప్లాటర్ వైపు చూడలేదు. బూడిదరంగు పెట్టె మీద వెలుగుతున్న పచ్చ దీపాన్ని చూస్తూ నిలబడింది.

మధ్యాహ్నం రిక్షా ఎక్కి వ్యాపార్ విహార్‌లో ఎస్‌టీడీ బూత్‌కి వెళ్ళాడు. లారీల హారన్ల మధ్య, బియ్యం బస్తాల వాసన మధ్య ఢిల్లీ నంబరు తిప్పాడు. "ఇస్ రూట్ కీ సభీ లైనే వ్యస్త్ హై." లైన్లన్నీ బిజీ అని రికార్డు చేసిన ఆడగొంతు. మళ్ళీ తిప్పాడు. అదే గొంతు. సాయంత్రం దాకా ఇరవై ఆరుసార్లు తిప్పాడు. ఆ ఆడగొంతు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అతనికి దాని పీక నొక్కాలనిపించింది.

బయట వాన. రైలుకి మధ్యలో ఇంకొక్క రోజే ఉంది.

* * *

శనివారం పొద్దున పదింటికి శంకరరావు వచ్చి, పాడైన నాలుగు షీట్లనీ బల్ల మీద పరిచి చూస్తున్నాడు. శ్రీవల్లి రాజ్‌కిశోర్ నగర్‌లో అద్దెకుంటుంది, ఇంకా రాలేదు.

"ఒక్క విషయం చెప్పు బాబూ. చిన్న బొమ్మ బాగానే వొచ్చింది. పెద్దదే పాడవుతాది. అదీ మధ్య నించే. ఎందుకలగ?"

"ప్లాటర్‌కి జ్ఞాపకం తక్కువండీ. కొంచెం కొంచెం తీసుకుని గీస్తుంది. నిండిపోతే కంప్యూటర్‌కి 'ఆగు' అని కబురు పంపుతుంది. ఖాళీ అయ్యాక 'పంపు' అంటుంది. మాన్యువల్లో అలాగే రాసుంది."

"అంటే లైన్ క్లియర్."

"ఏమిటీ?"

"ముందు స్టేషనోడు లైన్ క్లియర్ ఇస్తేనే గదా వెనక స్టేషనోడు బండి వొదుల్తాడు? ఆ మాట వెనక్కి అందలేదనుకో, బండి మీద బండి తోసీడమే. పట్టాలెక్కడ, పెట్టెలెక్కడ, ఏటీ తెలీదు. ఇదీ అలగే ఉన్నాది." నల్లటి ముద్ద మీద వేలు పెట్టాడు. "మరి 'ఆగు' అన్న కబురు ఎక్కడ ఆగిపోతున్నాదో చూడు."

రవిచంద్ర బూడిదరంగు పెట్టె వైపు చూశాడు.

అది ముందుకి పంపుతోంది. వెనక్కి రానివ్వడం లేదు.

బ్యాగులోంచి ప్యాకింగ్ లిస్టు తీశాడు. ప్లాటర్ ఒకటి, పెన్నులు ఎనిమిది, కేబుల్ ఒకటి. పెట్టె లేదు. శివాజీ పసిగట్టిన తేడా ఇదే. స్క్రూలు విప్పి, పెట్టెని పక్కనబెట్టి, కంప్యూటర్ నుంచి ప్లాటర్‌కి నేరుగా కేబుల్ తగిలించాడు. డ్రాయింగు పంపాడు. పదకొండో నిమిషం వచ్చింది. పెన్ను ఓ క్షణం ఆగింది, ఊపిరి పీల్చుకున్నట్టు. మళ్ళీ కదిలింది. గర్డరు పక్కన గర్డరు, సూటిగా.

శంకరరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. సంతోషమో, తన చెయ్యి ఇక అక్కర్లేదన్న దిగులో రవిచంద్రకి తెలియలేదు.

పెట్టె తమదే అని శ్రీవల్లి చెప్పింది. తమదైతే పరవాలేదు. కానీ? "నేను ఫోన్ చేసొస్తాను. ఇది ఆగకుండా చూడండి," అని పరుగెత్తాడు.

పదకొండుంపావుకి లైను కలిసింది.

"మన పెట్టా?" అన్నాడు చీఫ్. "మనం ఏ పెట్టే పెట్టలేదు."

"శ్రీవల్లి చెప్పింది సార్."

"అందులోంచి ఎన్నిసార్లు పంపావు?"

"నాలుగు."

షీటు మీద పాడైంది గానీ పెట్టెలోకి నాలుగుసార్లూ డ్రాయింగు నిఖార్సుగా వెళ్ళింది. నాలుగుసార్లూ తానే చేతులారా అందించాడు.

* * *

తిరిగొచ్చేసరికి పదకొండు నలభై. ప్లాటర్ నింపాదిగా ఆఖరి వరస అంకెలు వేస్తోంది. బల్ల మీద నాలుగు స్క్రూలున్నాయి. పెట్టె లేదు.

"శ్రీవల్లి మేడం పట్టుకెళ్ళిపోనాది," అన్నాడు శంకరరావు. "ఇక అక్కర్లేదు గదా అంది. ఆ తెల్లాయన జీపులో స్టేషన్‌కి. కలకత్తా బండికి."

"ఎన్నింటికి?"

"పదకొండూ యాభై అయిదు. ఏటి బాబూ, ఏటైంది?"

"శివాజీని చంపేశారండీ. ఆ పెట్టె కోసం."

శంకరరావు స్కూటర్ తాళం తీశాడు.

ప్లాట్‌ఫారం కిటకిటలాడుతోంది. ఫస్టు క్లాసు పెట్టె గుమ్మంలో హాల్డేన్ నిలబడి ఉన్నాడు, చేతిలో తోలు బ్యాగు. రవిచంద్ర జనాన్ని తోసుకుంటూ పది అడుగుల దూరంలోకి వచ్చేశాడు. అంతలో పక్కటెముకల్లో గట్టిగా ఏదో గుచ్చుకుంది.

"ఆగు," అంది శ్రీవల్లి. ఆమె చేయి హ్యాండ్‌బ్యాగు లోపల ఉంది. "సూది తుపాకీ ఇది, చప్పుడు కూడా రాదు. నువ్వు పడిపోతే ఫిట్స్ వచ్చాయని నేనే నీళ్ళు చల్లుతాను."

"అరవై ఇద్దరు మనుషులు, శ్రీవల్లీ."

"తెలుసు."

"ఎందుకు?"

ఆమె చూపు పట్టాల మీదే ఉంది. "రెండేళ్ళ కింద నన్నిక్కడ దింపి మరిచిపోయారు. నలభై రిపోర్టులు పంపాను, ఒక్కదానికి జవాబు లేదు. మా అమ్మ పోతే వెళ్ళనివ్వలేదు. హాల్డేన్ వాళ్ళు మాత్రం ప్రతి ఉత్తరానికీ జవాబు రాశారు." తుపాకీ ఇంకొంచెం గట్టిగా నొక్కింది. "కదలకు. బండి పోనీ."

కూత వేసింది. బండి కదిలింది. హాల్డేన్ గుమ్మంలోంచి చెయ్యూపాడు, ఎవరో చుట్టాన్ని వదిలిపెట్టి వెళుతున్నట్టు. ఫస్టు క్లాసు పెట్టె దాటిపోయింది. స్లీపర్లు. జనరల్ పెట్టెలు. రవిచంద్ర నోరు తెరవబోయాడు. అరిస్తే తాను చస్తాడు. చచ్చినా బండి ఆగదు. పదేళ్ళలో మొదటిసారి, చెయ్యడానికేమీ లేక, పోతున్న పెట్టెల్ని లెక్కపెడుతూ నిలబడ్డాడు.

అప్పుడే ప్లాట్‌ఫారం చివర ఒక కేక వినబడింది.

"ఒరే బంగార్రాజూ! ఆపరా! బండి ఆపీరా!"

శంకరరావు. స్కూటర్ నిలబెట్టొచ్చి, రొప్పుతూ, చెప్పులొకటి ఊడిపోయి, కదులుతున్న బండి వెనక పరుగెడుతున్నాడు. ఆఖరి పెట్టెలో పచ్చజెండా ఊపుతున్న గార్డు అతని మేనల్లుడు.

"ఏటి మావా?"

"లోపల హంతకుడున్నాడురా! ఆపీమన్నానా!"

ఇరవై రెండేళ్ళ సర్వీసులో బంగార్రాజు వేళ తప్పించిన బండి లేదు. మావయ్య గొంతు పెంచగా విన్నది కూడా లేదు. జెండా పడేసి గార్డు పెట్టెలోని బ్రేకు పిడి ఒక్క గుంజు గుంజాడు.

చక్రాలు కీచుమన్నాయి. బండి మొత్తం ఒక్కసారి వణికి, గార్డు పెట్టె ప్లాట్‌ఫారం వాలు దిగుతుండగా ఆగిపోయింది.

శ్రీవల్లి తల తిప్పింది. ఆ అరక్షణం చాలు. రవిచంద్ర ఆమె మణికట్టు పట్టి కిందికి విరిచాడు. హ్యాండ్‌బ్యాగుకి చిల్లుపడి, సూది ఒకటి ప్లాట్‌ఫారం రాతికి తగిలి వంకర పోయింది. ఆమె పెనుగులాడలేదు. అలిసిపోయినదానిలా నేల మీద కూర్చుండిపోయింది.

హాల్డేన్ అవతలి వైపు పట్టాల మీదికి దూకాడు. అక్కడ వాన నీటిలో పనిచేస్తున్న గ్యాంగ్ వాళ్ళు పన్నెండుమంది ఉన్నారు. శంకరరావు పెట్టెల సందులోంచి తెలుగులో ఏం అరిచాడో గాని, బ్యాగుతో సహా అతన్ని ఎత్తి పట్టుకున్నారు.

* * *

అంతటితో అయిపోలేదు. రైల్వే పోలీసు ఇన్‌స్పెక్టర్ హాల్డేన్ కాగితాలు రెండుసార్లు చదివాడు. అన్నీ సక్రమంగా ఉన్నాయి.

"సాబ్, పేరు లేని డబ్బా చూపించి విదేశీయుణ్ణి ఆపమంటారా? ఇందులో ఏముందో చూపించండి. లేదంటే వదిలేస్తాను."

రవిచంద్ర వాళ్ళని డిజైన్ సెల్‌కి తీసుకెళ్ళాడు. పెట్టెలో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి తోడి, ప్లాటర్‌కి కొత్త షీటు పెట్టి పంపాడు. గంట పైగా పట్టింది. పెన్ను చప్పుడొక్కటే. గీత ముగియగానే శంకరరావు ఆ షీటునీ, పొద్దున గీసిన షీటునీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాడు. వెలుతురులో గీత మీద గీత, అంకె మీద అంకె కూర్చున్నాయి. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ కాగితాలు అడగలేదు. హాల్డేన్ చేతులకి బేడీలు పడ్డాయి. శ్రీవల్లి వెళుతూ రవిచంద్ర వైపు చూసింది. అతను బల్ల మీది నాలుగు స్క్రూలూ ఏరి బ్యాగులో వేసుకున్నాడు.

షీటు మూడింటికల్లా సైటుకి వెళ్ళింది. ఆదివారం ఉదయం టైంటేబుల్లో లేని రైలు ఒకటి బ్రిడ్జి దాటింది.

ఢిల్లీ బయల్దేరే ముందు రవిచంద్ర సర్వీస్ రిపోర్టు శంకరరావు ముందు పెట్టాడు. దిలీప్ అన్న ఇంజనీరు నిజమేనని కాగితాల్లో మిగలాలంటే కస్టమర్ సంతకం ఉండాలి. శంకరరావు కళ్ళద్దాలు సర్దుకుని, అభిప్రాయం రాయవలసిన చోట ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: "యంత్రము సరిగా పనిచేయుచున్నది. ఇంజనీరు మంచివాడు. పని రాదు."

చీఫ్ దాన్ని రవిచంద్ర పర్సనల్ ఫైల్లో పెట్టించాడు. పదేళ్ళ సర్వీసులో అతని గురించి సంతకం, తేదీ వేసి ఎవరైనా రాసిన కాగితం అదొక్కటే.